ఎంజైములున్న గ్రామఫోను రికార్డు క్లీనింగ్ ద్రావణం నీళ్లలో కలిపాక ఎంతకాలం పనిచేస్తుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. గత దసరా రోజుల్లో మీరు ఎంజైములున్న రికార్డు క్లీనింగ్ కాన్సంట్రేటు, అంటే నీళ్లలో కలిపి వాడే చిక్కని ద్రవం, ఒక సీసా కొన్నారు. అందులో సగం డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి స్ప్రే సీసాలో పోసి, కొన్ని ఎల్‌పీలు కడిగి, మిగిలిన ద్రావణాన్ని విజయవాడలోని మీ ఇంటి అలమరాలో దాచారు. ఇప్పుడు వేసవి సెలవుల్లో మిగతా రికార్డుల పని పట్టాలనుకుని ఆ సీసా తీస్తే, రంగు, వాసన ఏమీ మారలేదు. దాన్ని ఇంకా వాడవచ్చా, కలపకుండా మిగిలిన కాన్సంట్రేటు సంగతి ఏమిటి, ఇకమీదట ఫ్రిజ్‌లో పెట్టడం మంచిదా అన్నవి మీ సందేహాలు.

కలిపి దాచిన ద్రావణాన్ని పారబోయండి. కలపని కాన్సంట్రేటును పరీక్షించి, పనిచేస్తే వాడండి. అనేక సంవత్సరాలుగా నా రికార్డులూ, ఇతర సేకర్తలు తెచ్చి ఇచ్చినవీ కడుగుతూ నేను పాటిస్తున్న లెక్క ఇది: నీళ్లలో కలిపిన ద్రావణం ఆ రోజుకే, ఫ్రిజ్‌లో పెట్టినా మరుసటి రోజు దాటనివ్వను. మూత తెరిచిన కాన్సంట్రేటు చల్లని, చీకటి చోట ఉంటే సుమారు ఒక సంవత్సరం. తెరవని సీసా అయితే తయారైన తేదీ నుంచి దాదాపు రెండు సంవత్సరాలు. కలపనక్కరలేకుండా నేరుగా వాడే రకమైతే తెరిచిన తరువాత ఆరు నెలలు. పొడి రూపంలో వచ్చే ఎంజైము, తేమ తగలనంత వరకు వీటన్నింటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది గాని, నీళ్లలో పడిన క్షణం నుంచి దానికీ ఒక్క రోజే. తయారీదారు సీసా మీద ఇంతకన్నా తక్కువ గడువు రాసి ఉంటే ఆ గడువునే పాటించండి. కోస్తా వేసవిలో ఏసీ లేని గదిలో ఉంచిన సీసాకు ఈ అంకెలు వర్తించవు. వాటిని నేను సగానికి తగ్గించి చూస్తాను.

ఇంత తేడా ఎందుకో తెలిస్తే మీ సీసా విషయంలో మీరే నిర్ణయించుకోగలరు కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఎంజైము ప్రాణి కాదు, కనుక చచ్చిపోవడం, బతకడం అన్న మాటలు దానికి సరిపోవు. అది ఒక ప్రోటీను. పొడవైన గొలుసు ఒక ప్రత్యేకమైన ఆకారంలో ముడుచుకుని ఉంటుంది, ఆ ముడత ఉన్నంతవరకే పని చేస్తుంది. వేడి, తగని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), క్లోరిన్ వంటి ఆక్సీకరణ పదార్థాలు, ఎక్కువ మోతాదులో ఆల్కహాల్ ఆ ముడతను విప్పేస్తాయి. విప్పుకున్న ప్రోటీను ద్రావణంలోనే ఉంటుంది, రంగు మారదు, వాసన రాదు, కాని పని మాత్రం చేయదు. మీ సీసా చూడడానికి అలాగే ఉండడం వల్ల దాని గురించి మనకు తెలిసేది ఏమీ లేదు.

రికార్డు ద్రావణాల్లో సాధారణంగా కలిపేవి మూడు రకాలు. ప్రోటీన్లను విడగొట్టే ప్రోటియేజ్, పిండి పదార్థాన్ని విడగొట్టే అమైలేజ్, కొవ్వును విడగొట్టే లైపేజ్. వీటిలో ప్రోటియేజ్ ముఖ్యం. వేలిముద్రల్లోని చర్మపు పొరలు, మాట్లాడుతున్నప్పుడు పడిన ఉమ్మి తుంపరలు, బూజు వదిలిన మరకలు, ఇవన్నీ ఎంతో కొంత ప్రోటీనుతో రికార్డు గాడిలో అతుక్కుని ఉంటాయి. బట్టలు ఉతికే పొడుల్లో వాడే సబ్టిలిసిన్ ఈ జాతి ప్రోటియేజే. దాన్ని బాసిలస్ అనే బాక్టీరియా నుంచి తయారు చేస్తారు. ఎంజైములతో మురికి వదిలించే ఆలోచన కొత్తది కాదు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో రోమ్ జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములతో బట్టలు ఉతికే పద్ధతికి 1913లోనే పేటెంటు తీసుకున్నారు. రికార్డుల వాళ్లు ఆ పరిజ్ఞానాన్ని చాలా ఆలస్యంగా అందుకున్నారు.

ప్రోటియేజ్‌తో ఒక చిక్కు ఉంది. ప్రోటీన్లను విడగొట్టడం దాని పని, కాని అది తానూ ఒక ప్రోటీనే, పక్కనున్న అమైలేజ్, లైపేజ్ కూడా ప్రోటీన్లే. వదిలేస్తే అది తన సాటి ప్రోటియేజ్ అణువులను, ఆ రెండింటినీ నెమ్మదిగా తినేస్తుంది. అందుకే ద్రవరూప ఎంజైము తయారీలో దాన్ని సీసాలో ఉన్నంతకాలం నిద్రపుచ్చి ఉంచే ఏర్పాటు చేస్తారు. బోరేటు, ప్రొపిలీన్ గ్లైకాల్ లేదా గ్లిజరాల్ కలిసి ప్రోటియేజ్ పనిచేసే చోటును తాత్కాలికంగా మూసి ఉంచుతాయి, కాల్షియం లవణాలు దాని ఆకారాన్ని పట్టి నిలుపుతాయి, నీటి శాతం తక్కువగా ఉంటుంది. కాన్సంట్రేటు చిక్కగా, కాస్త జిగటగా ఉండడానికి ఒక కారణం ఇదే.

దీన్ని మీరు ఇరవై వంతుల నీళ్లలో కలిపారనుకోండి. ఆ రక్షక పదార్థాలు కూడా ఇరవై వంతులు పలచబడతాయి, ప్రోటియేజ్‌ను మూసి ఉంచిన బంధం వదులుతుంది, ఎంజైము మేలుకుంటుంది. అది మేలుకోవాలనే తయారు చేశారు, లేకపోతే రికార్డు మీద పని చేయదు. కాని మేలుకున్న ఎంజైముకు సీసాలో మురికి లేదు, సాటి ప్రోటీన్లు మాత్రమే ఉన్నాయి. మన ఇళ్లలోని వేడిలో గంటలు గడిచేకొద్దీ దాని సత్తువ తగ్గుతూ పోతుంది. అందువల్ల ఎంజైము ద్రావణం ఆయుష్షును సీసా కొన్న తేదీ నుంచి కాక, నీళ్లు కలిపిన గంట నుంచి లెక్కించాలని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో కారణం ఇంతకన్నా ముఖ్యం. కాన్సంట్రేటులో బాక్టీరియా, బూజు పెరగకుండా నిల్వ పదార్థం కలుపుతారు. నీళ్లు కలిపితే అది కూడా పలచబడి, పనిచేసే మోతాదు కన్నా కిందికి దిగిపోతుంది. అప్పుడు సీసాలో మిగిలేవి కరిగిన ప్రోటీన్లు, గ్లిజరాల్, గోరువెచ్చని నీళ్లు. సూక్ష్మజీవులు పెరగడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. కొన్ని వారాలు నిలవ ఉన్న ద్రావణంతో రికార్డు కడిగితే పాత మురికి పోకపోవడం ఒక నష్టం, కొత్త జీవపదార్థం గాడిలోకి వెళ్లడం మరో నష్టం. సన్నని గాడి ఎల్‌పీలో, అంటే 1948లో కొలంబియా సంస్థ ప్రవేశపెట్టిన ఆ తరహా రికార్డులో, గాడి వెడల్పు మిల్లీమీటరులో సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే. అందులో ఏర్పడిన జిగట పొర కంటికి కనబడదు, సూదికి తగిలి చిటపటలుగా వినబడుతుంది.

ఈ విషయంలో ఆసుపత్రుల పద్ధతి నాకు ఎప్పుడూ మార్గదర్శకంగా కనిపిస్తుంది. ఎండోస్కోపు గొట్టాలను కడగడానికి వాళ్లు వాడేది కూడా ఎంజైము ద్రావణమే. అక్కడి నియమం ప్రకారం ఒక పరికరానికి కలిపిన ద్రావణాన్ని ఆ ఒక్కదానికే వాడి పారబోయాలి, రెండో పరికరానికి మళ్లీ కొత్తగా కలపాలి. ఆ ద్రావణానికి సూక్ష్మజీవులను చంపే గుణం గాని, వాటి పెరుగుదలను ఆపే గుణం గాని లేకపోవడం ఇందుకు కారణం. మన రికార్డులకు అంత కఠినమైన నియమం అక్కరలేదు, ఒక పూటకు కలిపినదానితో ఆ పూట కడిగే రికార్డులన్నీ కడగవచ్చు. కాని అదే ద్రావణాన్ని నెలల తరబడి దాచుకోవడం ఆ పని తెలిసినవాళ్లు ఎవరూ చేయరు.

పాత ద్రావణం కూడా బాగానే శుభ్రం చేస్తోంది కదా అని కొందరు అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఈ ద్రావణాల్లో ఎంజైముతోపాటు సర్ఫాక్టెంట్లు, అంటే సబ్బులా నీటిని గాడి లోపలికి దింపి జిడ్డును, దుమ్మును పైకి తేల్చే పదార్థాలు కూడా ఉంటాయి. ఎంజైము పూర్తిగా పోయినా అవి పనిచేస్తూనే ఉంటాయి. దుమ్ము పట్టిన మామూలు రికార్డును పాత ద్రావణంతో కడిగితే తేడా వినబడుతుంది, అది సర్ఫాక్టెంటు చేసిన పని. ఎంజైము ఉందో లేదో బయటపడేది ఎండిపోయిన వేలిముద్ర, బూజు మరక, ఒలికిన పాలో, అన్నం మెతుకో ఎండి అతుక్కున్న రికార్డు ఎదురైనప్పుడే.

కాకినాడ వైపు నుంచి ఒక కుటుంబం వాళ్ల తాతగారి సంగ్రహాన్ని నాకు పంపినప్పుడు ఇది స్పష్టంగా కనిపించింది. సముద్రపు తేమలో అనేక సంవత్సరాలు మూసి ఉంచిన పెట్టెలోని ఎల్‌పీలు అవి, కవరు లోపలి ప్లాస్టిక్ తొడుగు రికార్డుకు అంటుకుని, బూజు తెల్లని తీగల్లా పాకి ఉంది. వాళ్లు స్వయంగా ప్రయత్నించి, కలిపి దాచిన ద్రావణంతో కడిగారు, మెరుపు వచ్చింది గాని చప్పుడు తగ్గలేదు. అదే కాన్సంట్రేటును వాళ్ల దగ్గరే తీసుకుని, అప్పటికప్పుడు కలిపి, ఒక రికార్డులో ఒక వైపు దానితోను, మరో వైపు వాళ్లు దాచిన పాత ద్రావణంతోను కడిగాను. సమయం, బ్రష్షు, జాడింపు రెండింటికీ ఒకటే. తాజా ద్రావణం పడిన వైపు నిశ్శబ్ద భాగాల్లో చప్పుడు స్పష్టంగా తగ్గింది, పాతది పడిన వైపు అలాగే ఉంది. తరువాత ఆ వైపును కూడా తాజా ద్రావణంతో కడిగితే అదీ మెరుగైంది. అయితే కొన్ని రికార్డుల్లో ఎంత తాజా ద్రావణం వాడినా చప్పుడు పోలేదు. ఎందుకంటే బూజు చాలాకాలం ఉన్నచోట ఉపరితలమే దెబ్బతిని ఉంటుంది, దాన్ని ఏ ద్రావణమూ తిరిగి నింపలేదు. బూజు కణాల గోడల్లో ప్రోటీనుకన్నా కైటిన్ వంటి పదార్థాలు ఎక్కువ, వాటిమీద ప్రోటియేజ్ ప్రభావం పరిమితమే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మీ దగ్గర మిగిలిన కాన్సంట్రేటు సంగతి. దాన్ని ఊహతో పారేయడంకన్నా పరీక్షించడం మేలు, దీనికి ప్రయోగశాల అక్కరలేదు. వెన్న తీసిన పాలు ఒక చెంచాడు తీసుకుని, వెనుక పెట్టిన అక్షరాలు మసకగా కనిపించేంతగా డిస్టిల్డ్ వాటర్‌లో పలచన చేయండి. కాన్సంట్రేటును సీసా మీద రాసిన పాళ్లలో కొద్దిగా కలిపి రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని అలాగే ఉంచి, రెండో భాగాన్ని చిన్న గ్లాసులో పోసి, మరిగే నీటి గిన్నెలో పదిహేను నిమిషాలు నిలిపి చల్లార్చండి, ఈ వేడికి అందులోని ఎంజైము పాడవుతుంది. సీసా మీద ఆల్కహాల్ ఉందని రాసి ఉంటే మంట దగ్గరకు తీసుకురాకండి, పొయ్యి ఆపేసిన వేడినీటిని మార్చి మార్చి వాడండి. తరువాత రెండు గ్లాసుల్లోనూ పలచని పాలు సమానంగా పోసి, ఒకటి రెండు గంటలు గోరువెచ్చని చోట ఉంచండి.

వేడి చేయని గ్లాసులో తెలుపు తగ్గి నీరు తేటపడినా, లేదా పాలు విరిగినట్టు చిన్న గడ్డలు కట్టినా, వేడి చేసిన గ్లాసులో అలా జరగకపోతే, మీ ప్రోటియేజ్ పనిచేస్తోందని అర్థం. రెండూ ఒకేలా తేటపడితే ఆ ఫలితం ఎంజైముది కాదు, ద్రావణంలోని ఇతర పదార్థాలది. రెండూ తెల్లగానే ఉండిపోతే ప్రోటియేజ్ లేదు, లేదా పోయింది. రెండో గ్లాసు లేకుండా ఈ పరీక్షకు విలువ లేదు. మొదటి గ్లాసు ఒక్కటే చూసి తృప్తి పడినవాళ్లు నాకు చాలామంది తెలుసు. క్షారగుణం ఉన్న ద్రావణం, కాల్షియాన్ని పట్టుకునే ఈడీటీఏ వంటి పదార్థం, ఎంజైము లేకుండానే పాల తెలుపును కొంత తగ్గించగలవు.

ఇంట్లో పాత తరహా ఎక్స్‌రే ఫిల్ము, డార్క్‌రూములో కడిగినది ఉంటే ఇంకా సులభం. దాని మీది పొర జెలటిన్, అంటే ప్రోటీను. ఒక చుక్క తాజా ద్రావణం, పక్కనే ఒక చుక్క వేడి చేసి చల్లార్చిన ద్రావణం వేసి, ఎండిపోకుండా మూతపెట్టి గంట తరువాత గోరువెచ్చని నీటితో కడగండి. ఎంజైము పనిచేసిన చోట నల్లని పొర ఊడి, పారదర్శకమైన ఫిల్ము బయటపడుతుంది. జెలటిన్ దొరకక చైనాగ్రాస్ జెల్లీతో ప్రయత్నించిన మిత్రులు ఫలితం రాలేదని చెబుతుంటారు. చైనాగ్రాస్ సముద్రపు నాచు నుంచి వచ్చే అగర్, అందులో కరగడానికి ప్రోటీనే లేదు, కనుక ఆ పరీక్షలో మంచి ఎంజైము కూడా ఓడిపోయినట్టు కనిపిస్తుంది. అమైలేజ్‌ను చూడాలంటే పలచని గంజిలో ద్రావణం కలిపి, గంట ఆగి, ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయాలి, నీలిరంగు రాకపోతే పిండి విడిపోయినట్టు. దీనికి కూడా వేడి చేసిన జత ఉండాలి. లైపేజ్‌ను ఇంట్లో నమ్మకంగా పరీక్షించే పద్ధతి ఏదీ నేను వాడను. ప్రోటియేజ్ బాగుంటే కాన్సంట్రేటు సరిగా నిలవ ఉన్నట్టేనని భావిస్తాను.

నిల్వ గురించి. ఎంజైము పాడయ్యే వేగం వేడితో చాలా త్వరగా పెరుగుతుంది, పది డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందన్న స్థూలమైన లెక్క ఇక్కడ కూడా దారి చూపుతుంది. విజయవాడ, రామగుండం వంటి చోట్ల మే నెలలో బయట నలభై అయిదు డిగ్రీలకు చేరువవుతున్నప్పుడు, పై అంతస్తు గదిలోని చెక్క అలమరా లోపల రాత్రి కూడా చల్లబడదు. అందువల్ల కాన్సంట్రేటును ఫ్రిజ్ కింది భాగంలో, తలుపు దగ్గర కాకుండా లోపలి వైపు పెట్టడం మంచిది. ఫ్రీజరులో మాత్రం పెట్టకండి. గడ్డకట్టి కరగడం ప్రోటీను ముడతకు దెబ్బ, స్థిరపరిచే పదార్థాలు కూడా విడిపోయి అడుగుకు చేరవచ్చు. న్యూజెర్సీలో ఉండే ఒక తెలుగు మిత్రుడు తెప్పించుకున్న సీసా జనవరి చలిలో గుమ్మం బయట రాత్రంతా ఉండి గడ్డకట్టింది, కరిగిన తరువాత పాల పరీక్షలో దాని బలం అదే రకం మరో సీసాతో పోలిస్తే స్పష్టంగా తగ్గింది. మనకు సమస్య దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. వేసవిలో ఆర్డరు చేసిన సీసా కొరియరు వ్యానులో ఎంత వేడి తిన్నదో మనకు తెలియదు కనుక, నేను ఇలాంటివి నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యనే కొంటాను.

ఫ్రిజ్‌లో పెట్టే సీసా మీద, ఇది తాగేది కాదని పెద్ద అక్షరాలతో తెలుగులోనే రాసి, మూత ఉన్న డబ్బాలో వేరుగా ఉంచండి, ఇంట్లో పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటారు. కాన్సంట్రేటులోకి వాడిన బ్రష్షును గాని, తడి సిరంజిని గాని దించకండి, ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనట్టే. కావలసినంత చిన్న గ్లాసులోకి వంచుకుని, మిగిలితే పారబోయండి గాని తిరిగి సీసాలో పోయకండి.

కలపడానికి ఏ నీరు వాడాలన్నది ఆయుష్షుతో నేరుగా ముడిపడిన విషయం. మునిసిపల్ కుళాయి నీటిలోని క్లోరిన్ ఎంజైమును ఆక్సీకరించి పాడుచేస్తుంది, బోరు నీటిలోని లవణాలు గాడిలో తెల్లగా మిగులుతాయి. ఇంటి ఆర్‌ఓ నీరు తాగడానికి మంచిదే గాని, అందులో లవణాలు పూర్తిగా పోవు, రుచి కోసం కొంత కలుపుతారు కూడా. డిస్టిల్డ్ వాటర్ గాని, ఇన్వర్టరు బ్యాటరీలకు అమ్మే, లవణాలు తీసేసిన డీఎం వాటర్ గాని వాడవచ్చు. డీఎం వాటర్ నాణ్యత ఒక్కో దుకాణంలో ఒక్కోలా ఉంటుంది కనుక నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కుని, సున్నాకు దగ్గరగా చూపినదాన్నే తీసుకోండి. ఎంజైముకు కాల్షియం మంచిదన్నానని కుళాయి నీటికి మళ్లకండి, దానికి కావలసిన కాల్షియం తయారీలోనే కలుపుతారు.

కొందరు గాడి లోపలికి బాగా దిగుతుందని, త్వరగా ఆరుతుందని ఎంజైము ద్రావణంలోనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తారు. తయారీదారు చెప్పకుండా ఇది చేయవద్దు. ఎక్కువ మోతాదు ఆల్కహాల్‌కు ఎంజైము ముడత విప్పుకుంటుంది, అప్పుడు ఖరీదైన ద్రావణం ఖరీదైన సబ్బునీరు అవుతుంది. అల్ట్రాసోనిక్ తొట్టెలో, అంటే చెవికి వినబడని ధ్వని తరంగాలతో నీటిలో బుడగలు పుట్టించి కడిగే తొట్టెలో, ఎంజైము పోసే వారు కూడా గమనించాలి. తొట్టె నడిచేకొద్దీ నీరు వేడెక్కుతుంది, బుడగల తాకిడి కూడా ఎంజైముకు మంచిది కాదు, తీసిన మురికి అందులోనే తిరుగుతుంటుంది. నేను ఎంజైమును బ్రష్షుతో విడిగా పట్టించి, జాడించి, ఆ తరువాతే రికార్డును తొట్టెలోకి దింపుతాను.

ఎంతకాలం పనిచేస్తుందన్న ప్రశ్నకు మరో పార్శ్వం రికార్డు మీద ఎంతసేపు ఉండాలన్నది. ఎంజైము సబ్బులా తాకగానే పని ముగించదు, దానికి నిమిషాలు కావాలి. సీసా మీద వేరే సమయం లేకపోతే నేను మూడు నిమిషాలు, బూజు ఉన్నచోట అయిదు నిమిషాలు ఉంచుతాను, ఆ సమయమంతా రికార్డు తడిగా ఉండాలి. ఈ పని చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపండి, మన ఇళ్లలో ఫ్యాను కింద పలచని ద్రావణపు పొర రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. ఆరిన ఎంజైము పనిచేయదు సరికదా, కరిగించిన మురికినీ తననూ కలిపి గాడికే అంటిస్తుంది. గోరువెచ్చని ద్రావణం చల్లనిదానికన్నా చురుకుగా పనిచేస్తుంది, అయితే ముప్పై అయిదు డిగ్రీలు దాటనివ్వకండి, ఎంజైము ఇంకా వేడిని ఓర్చుకున్నా రికార్డు వంగిపోతే చేసేదేమీ లేదు. తరువాత వాక్యూమ్ మెషీనుతో పీల్చి, లేదా మెత్తని గుడ్డతో అద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు జాడించండి. ఎల్‌పీలు తయారయ్యే పీవీసీ ప్లాస్టిక్‌లో ప్రోటియేజ్‌కు తినడానికి ఏమీ లేదు, కనుక రికార్డును కరిగిస్తుందన్న భయం అక్కరలేదు. భయపడవలసింది జాడించకుండా మిగిలిన పొర గురించే, సూది చివర తెల్లని మెత్తని ముద్దలా చేరేది అదే.

78 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులకు ఈ సమాధానం వర్తించదు. కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ 1908లో ప్రారంభించిన కర్మాగారం నుంచి మొదలుకొని, 1960ల దాకా మన దేశంలో లక్క కలిపిన 78లు పెద్ద సంఖ్యలో తయారయ్యాయి, మన ఇళ్లలోని పాత పద్యాలు, హరికథలు ఎక్కువగా వాటిమీదే ఉన్నాయి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, క్షార ద్రావణాల్లో కూడా దెబ్బతింటుంది. సబ్టిలిసిన్ జాతి ఎంజైములు చురుకుగా ఉండేది క్షారం వైపే కనుక వాటితో చేసిన ద్రావణాలు కొన్ని పీహెచ్‌లో ఆ వైపు ఉంటాయి. సీసా మీద లక్క రికార్డులకు సురక్షితమని స్పష్టంగా రాసి ఉంటే తప్ప అటువైపు తీసుకువెళ్లకండి.

బట్టలు ఉతికే ద్రవంలో కూడా ఎంజైములుంటాయి కదా అన్న ప్రశ్న మీరు అడగలేదు గాని తరచుగా వస్తుంది. ఉంటాయి, వాటిని స్థిరపరిచే రసాయనం కూడా దాదాపు ఇదే. కాని వాటిలోని సువాసన నూనెలు, రంగు, గుడ్డను మెరిపించడానికి వేసే బ్రైటనర్లు గుడ్డకు అంటుకుని ఉండిపోవాలనే చేర్చినవి, అవి గాడిలోనూ ఉండిపోతాయి.

చివరగా మీ స్ప్రే సీసా గురించి. ఎంజైము తుంపరలను పీల్చడం వల్ల కొందరికి అలర్జీ, ఉబ్బసం వస్తాయి. 1960ల చివర ఎంజైము డిటర్జెంటు కర్మాగారాల్లో పనిచేసినవారిలో ఇది బయటపడిన తరువాతే, పొడి ఎంజైమును గాలిలోకి లేవకుండా గుళికలుగా చేయడం మొదలుపెట్టారు. కనుక ఎంజైమును స్ప్రే చేయకండి. సన్నని ముక్కు ఉన్న సీసాతో రికార్డు మీద పోసి బ్రష్షుతో పరచండి, చేతికి గ్లౌజులు వేసుకోండి, పొడి రకమైతే కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి. పది ఎల్‌పీలు రెండు వైపులా కడగడానికి నాకు వంద మిల్లీలీటర్లు సరిపోతాయి, మీరూ అంతకు మించి ఒక పూటకు కలపనక్కరలేదు.

పాత ద్రావణాన్ని సింకులో ధారాళంగా నీళ్లతో వదిలేయండి. ఆ స్ప్రే సీసాను మళ్లీ రికార్డులకు వాడవద్దు, పంపు గొట్టం లోపల పట్టిన జిగటను పూర్తిగా కడగడం కష్టం. దసరా రోజుల్లో అప్పటికప్పుడు కలిపి కడిగిన రికార్డులు బాగానే ఉంటాయి. ఆ తరువాత వారాల్లో అదే సీసాతో కడిగినవి ఏవైనా ఉంటే, వాటిని తాజా ద్రావణంతో మరోసారి కడిగి, రెండుసార్లు జాడించి, పూర్తిగా ఆరిన తరువాత కొత్త లోపలి కవర్లలో పెట్టండి. పాత కవర్లలో పెడితే వాటికి అంటిన బూజు రేణువులు తిరిగి రికార్డుకే చేరతాయి.